తరుగు చంద్రుడు – తరగని కళ

పూర్ణిమ పిమ్మట పాడ్యమి మొదలు అమావాస్య వరకు గల 15 తిథులను కృష్ణపక్షమనియు, బహుళపక్షమనియు అందుము. చంద్రుడు క్షీణించుచున్నాడని తలచి, కొందరు ఈ పక్షమనినంతనే శంకింతురు. ఆ శంకకు మన భాషయే సమాధానము చెప్పుచున్నది.

'బహుళ' శబ్దమునకు నలుపనియు, సమృద్ధియనియు రెండర్థములు కలవు. 'అమా' యనగా కూడి. 'వాస్య' యనగా వసించుట. అనగా అమావాస్యనాడు చంద్రుడు నశించుట లేదు, సూర్యునితో కూడి వసించుచున్నాడు. గ్రహణసమయమున దక్క చంద్రగోళములో సగము ఎల్లప్పుడును సూర్యకాంతిని పొందుచునే యుండును. సూర్యచంద్రుల నడుమ దూరము 12 డిగ్రీలు మారినపుడెల్ల ఒక తిథి గడచును. కృష్ణపక్షమున తిథి గడచిన కొలది మనకు కనబడు వెలుగు తగ్గును. తరుగుదల మన చూపునకే గాని చంద్రునకు కాదు.

బృహదారణ్యకోపనిషత్తు 16 కళలను చెప్పి, అందు 15 కళలు పెరుగుచు తరుగుచుండుననియు, పదునారవది స్థిరమనియు బోధించినది. అమావాస్య రాత్రి ఆ కళ సమస్త ప్రాణులయందు ప్రవేశించునట. కనుకనే ఆ రాత్రి ఏ ప్రాణినీ చంపరాదని నిషేధించినది.

శ్రీకృష్ణుడు అవతరించినది శ్రావణ బహుళాష్టమినాడు. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. దీపావళి ఆశ్వయుజ అమావాస్య. కావున సిరియు, బలమును తరుగు దినములలో అంతయు పోయెనని కుంగవలదు. తరగని కళ మనయందును, ఎదుటి ప్రాణియందును కలదని యెరిగి, భూతదయతో మెలగుదుము గాక!