రేవుస్తంభముపై తుపాను గుర్తులు

గోదావరి పాయలు సముద్రమున గలియుచోట నేల మిక్కిలి పల్లముగా నుండును. అంతర్వేది మొదలు కాకినాడ వరకు గల ఈ తీరమున వరిపొలములు, కొబ్బరితోటలు, మత్స్యకారుల పల్లెలు సముద్రమునకు చేరువనే యున్నవి. ఇచ్చటి ప్రజలు రోహిణీకార్తెలో రోళ్లు పగులునట్టి యెండలను ఓర్చుకొందురు. మృగశిరలో తొలకరికై యెదురుచూతురు. కాని స్వాతి, విశాఖ కార్తెలలో తూర్పుదిక్కున మబ్బు కమ్మినచో వారి మనస్సులు కలతచెందును. ఏలయన, బంగాళాఖాతమున పుట్టు పెనుతుపానులు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల నెలలలోనే ఈ తీరమును ఎక్కువగా తాకుచుండును.

కాకినాడకు దక్షిణమున కోరంగి యను గ్రామము కలదు. పూర్వమది ఓడలకు, వర్తకమునకు పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో ఒక తుపాను సమయమున మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చి ఆ పట్టణమును ముంచివైచెను. 1839 నవంబరులో మరియొక తుపాను దానిని పాడుచేసెను. ఆ కాలమున కలకత్తాలో నున్న హెన్రీ పిడింగ్టన్ అను నతడు ఓడల దినచర్యపుస్తకములను సేకరించి, ఇట్టి గాలివానల స్వభావమును పరిశీలించెను. వానియందు గాలి సుడి తిరుగుట గమనించి, పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకుపదము నుండి ‘సైక్లోన్’ అను పేరు కల్పించెను. 1848లో వెలువడిన అతని గ్రంథము ద్వారా ఆ పేరు లోకమంతట వ్యాపించెను.

తుపానునకు వెచ్చని సముద్రజలమే ఆహారము. నీరు ఆవిరియై పైకి లేచి, చల్లబడి, మబ్బుగా మారునపుడు తనలోని వేడిమిని విడుచును. ఆ వేడిమిచే గాలి మరింత పైకి పోవును. క్రింద పీడనము తగ్గును. నలుదిక్కుల నుండి గాలి అచ్చటికి పరుగిడును. భూమి తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా పోజాలక, భూమధ్యరేఖకు ఉత్తరమున గడియారపు ముండ్లకు ఎదురుదిశలో సుడి తిరుగును. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లకు చేరినపుడు దానిని వాయుగుండమనియు, 62 కిలోమీటర్లకు చేరినపుడు తుపాననియు, 89 దాటినచో తీవ్ర తుపాననియు, 118 దాటినచో అతి తీవ్ర తుపాననియు వ్యవహరింతురు.

తుపాను పడమరగా సాగి ఈ తీరమును దాటుచున్నదనుకొందము. దాని నడకకు కుడివైపున, అనగా ఉత్తరమున, గాలి సముద్రము నుండి నేలకు వీచి నీటిని గట్టుపైకి త్రోయును. ఎడమవైపున, అనగా దక్షిణమున, గాలి నేల నుండి సముద్రమునకు వీచి నీటిని వెనుకకు నెట్టును. ఒకే తుపాను, ఒకే రాత్రి, ఒక ఊరిని ముంచెత్తవచ్చును. మరియొక ఊరి యొద్ద సముద్రమును వెనుదీయింపవచ్చును. గోదావరి తీరమున సముద్రము లోతు తక్కువగుటచే ఉప్పెన ఎత్తుగా లేచును. ఆ ఉప్పునీరు ఏటిపాయల వెంట లోనికి వచ్చి పొలములను సైతము చెరచును.

ఓడరేవులలో ఎగురవేయు సూచికలలో ఈ భేదము ఇమిడియున్నది. పగటివేళ స్తంభముపై శంకువులు, స్తూపములు వంటి ఆకారములను కట్టుదురు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములను వ్రేలాడదీయుదురు. అంకె పెరిగిన కొలది అపాయము పెరుగునని మాత్రమే పలువురు తలంతురు. అది పూర్తిగా నిజము కాదు. 1, 2 సూచికలు ఉపద్రవము దూరసముద్రమున నున్నదని తెలుపును. 3, 4 సూచికలు రేవునకే ఈదురుగాలుల బెడద కలదని హెచ్చరించును. 5, 6, 7 సూచికలు మూడును ఒకే బలముగల తుపానునకు చెందినవి. రేవు తుపాను మార్గమునకు ఎడమవైపున నుండునని 5, కుడివైపున నుండునని 6, తుపాను రేవు మీదుగనో చేరువగనో పోవునని 7 తెలుపును. తీవ్రమైన తుపాను విషయమున 8, 9, 10 సూచికలు ఇదే క్రమమును అనుసరించును. 11వ సూచిక విచిత్రమైనది. హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదనియు, స్థానికాధికారి అపాయమును శంకించుచున్నాడనియు దాని అర్థము. వార్త రాకుండుటయే అచ్చట ఒక వార్త.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకొనిపడిన తుపాను విస్తారమైనది కాదు. కాని దాని కేంద్రమునకు సమీపమున గాలి ప్రచండముగా వీచెను. అది కాకినాడకు సుమారు 50 కిలోమీటర్ల దక్షిణమున తీరము దాటెను. అందుచే కాకినాడ, యానాం ప్రాంతములు దానికి కుడివైపున చిక్కెను. వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలకూలెను. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును; ఒక రాత్రి గాలి ఎన్నో కుటుంబముల అన్ని యేండ్ల బ్రతుకుతెరువును హరించెను.

భారత వాతావరణశాఖ 1875లో ఏర్పడెను. విశాఖపట్నమున 1974లో తుపాను హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడెను. నేడు ఉపగ్రహములు సముద్రముపై మబ్బుల నడకను ఎడతెగక కనిపెట్టుచున్నవి. గోదావరి తీరమునకు ఇరువైపుల, విశాఖపట్నమునను మచిలీపట్నమునను, డాప్లర్ రాడార్లు కలవు. ఆపద రానున్నదని 72 గంటల ముందు అధికారులకు సూచనయు, 48 గంటల ముందు అప్రమత్తతా సందేశమును, 24 గంటల ముందు హెచ్చరికయు పంపు పద్ధతి అమలులో నున్నది.

ఇంత యున్నను తుపాను తీరము దాటు చోటును ముందుగా అంగుళము తప్పక చెప్పుట సాధ్యము కాదు. కేంద్రము కొలది కిలోమీటర్లు తొలగినచో కుడివైపున నుండవలసిన ఊరు ఎడమవైపునకు రావచ్చును. అట్టి సమయమున ఇల్లు, పశువులు, వలలు విడిచి ఆశ్రయమునకు పోయినవారు మరునాడు తమ యూరు చెక్కుచెదరక యుండుట చూచి, హెచ్చరిక వట్టిదని తలపోయుదురు. మరుసటిసారి కదలుటకు సంకోచింతురు. ఇది గొప్ప ప్రమాదము. నేడు తప్పిన ఊరికి రేపు తప్పునన్న నియమము లేదు.

మరియొక జాగ్రత్త కలదు. పెనుతుపాను కేంద్రమును ‘కన్ను’ అందురు. అది ఊరిపైకి వచ్చినపుడు గాలి హఠాత్తుగా నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు చుక్కలు సైతము కనిపించును. గండము గడచినదని వెలుపలికి వచ్చినవారిని కొంతసేపటికే ఎదురుదిక్కు నుండి వచ్చు పెనుగాలి కబళించును. గాలి నిలిచినంత మాత్రమున కాక, అధికారులు ప్రకటించిన పిమ్మటనే ఆశ్రయము విడువవలెను.

గాలిని ఆపు శక్తి మానవునకు లేదు. అది వచ్చు మార్గమును ముందుగా కొంత తెలిసికొను శక్తి మాత్రము అలవడినది. రేవుస్తంభముపై నున్న గుర్తును కట్టువాడు ఒక్కడు. దానిని చదువవలసినవారు వేలమంది. ఆ గుర్తు అర్థమును తెలిసి, వేటకు పోనున్న పడవను ఒడ్డుననే కట్టివేసినపుడే హెచ్చరిక సార్థకమగును.