నేల నుంచి కుర్చీ దాకా

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జొన్నరొట్టె నేలమీదే తయారవుతుంది. పొయ్యి నేలమీద, పిండి కలిపే పళ్లెం నేలమీద. రొట్టె తట్టే మనిషి ఒక మోకాలు మడిచి, ఇంకోటి నిలబెట్టి కూర్చుంటుంది. కంది చేలో కలుపు తీసేది గొంతుక్కూర్చునే. అల్లం నాటేదీ, తవ్వేదీ వంగే. మసీదులో సజ్దా చేసినా, ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుండంలోకి మెట్లు దిగినా బరువంతా మోకాళ్లదే. ఇక్కడి బతుకు నేలకు దగ్గరగా సాగుతుంది. అందుకే ఇక్కడ మోకాలు పోవడమంటే నడక ఒక్కటే పోవడం కాదు.

మా మేనత్తకు అరవై రెండేళ్లు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని వచ్చి, "గుజ్జు మొత్తం అరిగిపోయిందంట బిడ్డా. రెండు చిప్పలు మార్చాల్నంట" అంది. నేను ఖర్చు గురించి అడుగుతుందనుకున్నాను, నొప్పి గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు. "మార్చినంక కింద కూసోనిస్తరా?"

ఆస్పత్రిలో ఈ ప్రశ్నకు ఆమెకు దొరికింది ఒక్క ముక్క: "కూర్చోవద్దు." ఎందుకో ఎవరూ చెప్పలేదు. బదులుగా ఏం చేయాలో అసలే చెప్పలేదు. ఈ ఆపరేషన్ గురించి మన ఇళ్లలో జరగాల్సిన మాటంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముందు ఒక భయం తీర్చాలి. చిప్పలు మార్చడం అంటారు గానీ, మోకాలిని ఊడదీసి కొత్తది బిగించరు. తొడ ఎముక కింది కొసనూ, దాని కిందుండే కాలి ఎముక పై కొసనూ అరిగిన మేర, సుమారు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మందాన చెక్కుతారు. పైదానికి కోబాల్ట్ క్రోమియం తొడుగు, కిందిదానికి లోహపు పళ్లెం, రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్ ముక్క. చిప్ప ఎవరిది వారికే ఉంటుంది. అవసరమైతే దాని లోపలివైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. అరిగిన పంటికి తొడుగు వేయడం ఎరిగినవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది.

ఇప్పటి కృత్రిమ కీళ్లకు మూలమైన నమూనా 1970లలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ బృందంలో మనవాడైన చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. 2000 అక్టోబరులో ముంబయి బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో ప్రధాని వాజ్‌పేయి ఎడమ మోకాలికీ, మరుసటి ఏడాది జూన్‌లో కుడి మోకాలికీ ఆపరేషన్ చేసింది ఆయనే. మోకాలు మార్చుకోవచ్చన్న సంగతి మన దేశంలో చాలా ఇళ్లకు ఆ వార్తలతోనే చేరింది.

కుర్చీల్లో కూర్చునే సమాజంలో పుట్టిన కీలు అది. కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కడానికి మోకాలు వంద డిగ్రీల అటూ ఇటూగా వంగితే చాలు. ఆపరేషన్ తర్వాత చాలామందికి 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవాలంటే 140 దాటాలి. ఇంకా ఎక్కువ వంగుతాయంటూ హై ఫ్లెక్స్ కీళ్లు అమ్ముతారు. కానీ తర్వాత ఎంత వంగుతుందన్నది చాలావరకు ముందు ఎంత వంగేదన్న దానిమీదే ఆధారపడుతుంది. కొందరు తర్వాత కూడా నేలమీద కూర్చోగలరు. అయితే కూర్చున్న ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ ముక్కమీద ఒత్తిడి పెరుగుతుంది. డాక్టర్లు వద్దనేది అందుకే. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

మరి చేయించుకోవాలా వద్దా? ఎక్స్‌రే ఒక్కటే ఈ తీర్పు చెప్పలేదు. అరుగుదలను సున్నా నుంచి నాలుగు దాకా లెక్కగట్టే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ 1957లో ఇచ్చారు. నాలుగో దశ ఎక్స్‌రే ఉన్నా చేనుకు నడిచిపోయేవాళ్లున్నారు, రెండో దశకే మంచం పట్టేవాళ్లూ ఉన్నారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? బస్టాండు దాకా నడవగలుగుతున్నారా? పెళ్లిళ్లకు పోవడం మానేశారా? మందులు, వ్యాయామం నిజంగా కొన్ని నెలలు చేసి చూశారా? ఈ చివరిదానికి మన దగ్గర నిజాయితీగా అవునని చెప్పేవాళ్లు తక్కువ.

2015లో డెన్మార్క్ పరిశోధకులు ఆపరేషన్‌కు అర్హులైన వందమందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్‌తో పాటు వ్యాయామం, బరువు తగ్గించడం, మందులు. రెండో గుంపుకు ఆపరేషన్ తప్ప మిగతావన్నీ. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్లకే ఎక్కువ ఉపశమనం. కానీ రెండో గుంపులో ఆ ఏడాదిలోపు ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు పావు వంతే. తీవ్రమైన ఇబ్బందులు ఎదురైంది ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ. ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, అది అందరికీ ఇవాళే అక్కర్లేదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కలుపు మనిషికి ముక్కాలి పీట ఒకటి ఇచ్చినా ఎంతో మేలు.

మనవాళ్లు చేసేది ఇందుకు తలకిందులు. ఆరెంపీ దగ్గర నెలకో సూది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు. ఏళ్ల తరబడి మింగిన ఆ బిళ్లలు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. మోకాల్లోకి స్టెరాయిడ్ సూది వేయించుకున్న మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే చీము పట్టే ముప్పు పెరుగుతుంది. వేయించుకుని ఉంటే డాక్టరుకు దాచకూడదు.

డబ్బు మాట. 2017 ఆగస్టు 16న కేంద్రం కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయల ఎమ్మార్పీ ఉన్న కోబాల్ట్ క్రోమియం కీలు జీఎస్టీ కాకుండా 54,720కి దిగింది. ఇది కీలు ధర మాత్రమే. థియేటరు, మత్తు, గది, ఫిజియోథెరపీ లెక్క వేరు. అందుకే ప్యాకేజీ అనగానే తలూపకుండా బిల్లు విడివిడిగా రాసివ్వమనాలి. ఒకప్పుడు దీనికి హైదరాబాద్ తప్ప దిక్కు లేదు. ఇప్పుడు తెలంగాణలో కొన్ని జిల్లా ఆస్పత్రుల్లోనూ చేస్తున్నారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ముందు ఆరోగ్యమిత్రను కలిసి, ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో కనుక్కోవాలి. పొలం కుదువ పెట్టేది తర్వాత.

అత్త ఆరు నెలలు ఆగింది. ఆ ఆరు నెలల్లో షుగరు అదుపులోకి తెచ్చుకుంది, పుచ్చిన పన్ను తీయించుకుంది, తంబాకు మానింది. మూడూ చీము ముప్పును తగ్గించేవే. నొప్పి తగ్గలేదు. అప్పుడు ఒక కాలికి చేయించుకుంది. రెండూ ఒకేసారి అయిపోతే పీడ పోతుందన్నారు ఇంట్లోవాళ్లు. గుండె, వయసు చూసి డాక్టరే వద్దన్నాడు.

మరునాడు వాకర్ పట్టించి నిలబెట్టారు. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కోలుకోవడం అక్కడ మొదలై, ఇంటికి వచ్చాక అసలు కష్టం చూపిస్తుంది. ఆపరేషన్ రెండు గంటల లోపు పని. తర్వాతి మూడు నెలలూ రోజుకు మూడుసార్లు, నొప్పిని ఓర్చుకుంటూ ఆ కాలిని మడవాలి, చాచాలి. కాలు ఎంత వంగుతుందన్నదాంట్లో ఆ మూడు నెలల పాత్రా పెద్దదే. వంగడం గురించే అందరూ ఆరాటపడతారు గానీ, కాలు తిన్నగా చాపడం అంతకన్నా ముఖ్యం. తిన్నగా రాకపోతే జన్మంతా కుంటే.

ఇక్కడే మన ప్రేమ అడ్డుపడుతుంది. చూడవచ్చిన చుట్టాలు మోకాలి కింద మెత్తటి దిండు పెట్టారు. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంకరగా బిగుసుకుపోతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద. "లేవకు అక్కా, పండుకో" అన్నారు. పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. నూనె రాసి పిసుకుతామన్నవాళ్లూ, పసరు కట్టు తెస్తామన్నవాళ్లూ వచ్చారు. వాళ్ల మనసు మంచిదే, నేను చేయి అడ్డం పెట్టాల్సి వచ్చింది. కాపలా కాయాల్సినవి వేరే ఉన్నాయి: పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర రసి కారినా, జ్వరం తగిలినా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

రెండు వారాలకు కుట్లు తీశారు. ఆరో వారానికి వాకర్ వదిలి చేతికర్ర పట్టింది. కోత గీతకు బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, నెలల తరబడి కాలు వెచ్చగా, కాస్త వాచి ఉంటుంది. ఇవి ముందే తెలిస్తే భయం ఉండదు. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. అయిదుగురిలో ఒకరు అనుకున్నంత తృప్తి పొందరన్న సంగతీ చెప్పాలి. మన్నిక విషయంలో మాత్రం ధైర్యం ఉంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం ఇలాంటి కీళ్లలో 82 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయి.

కాలితో పాటు ఇల్లూ మారింది. మరుగుదొడ్డిలో కమోడు, గోడకు పట్టుకునే కడ్డీ, మంచం కాళ్ల కింద ఇటుకలు. వంటింట్లో నడుమెత్తున షాబాద్ బండ వేసి, దానిమీదికి పొయ్యి ఎక్కించారు. నా మాట వింటే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే మేస్త్రీని పిలవండి.

మొన్న వెళ్లినప్పుడు అత్త నిలబడి రొట్టె తడుతోంది. నిలబడి తడితే అంచు సమంగా రావడం లేదని గొణుగుతూనే మూడు రొట్టెలు కాల్చింది. పేలాలు చాటలో పోసుకుని కుర్చీలో కూర్చుంది. రెండో కాలి సంగతి అడిగాను. కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచి, గడప దాకా నడిచి, నల్లరేగడి చేను వైపు చూసింది.

"యాసంగి జొన్నలు ఇంటికి రానీ బిడ్డా. గప్పుడు చూస్త."