గేరు గోడు వినండి!

కుటుంబమంతా కారులో తిరుమల బయల్దేరారు. ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే ముందు వెళ్తున్న బస్సు ఆగింది. వెనకే కారూ ఆగింది. మళ్లీ కదిలించబోతే ఇంజిన్ హోరెత్తుతోందే తప్ప బండి కదలదు. పైగా కాలిన వాసన. వెనక హారన్ల మోత... లోపల పిల్లల కంగారు. 'గేర్‌బాక్స్ పోయినట్టుంది' అనుకుంటారు ఎవరైనా. కానీ చాలాసార్లు అరిగిపోయేది క్లచ్‌ప్లేటే. అదీ ఒక్కరోజులో కాదు. ముందునుంచే సూచనలు ఇస్తూ ఉంటుంది. మనమే పట్టించుకోం.

ఏది క్లచ్? ఏది గేరు?

ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది క్లచ్. యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్‌ప్లేటు అరిగినట్టే. గేర్లన్నీ గట్టిగా పడుతుంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదని అర్థం. కేబులో, ఆయిలో సరిచేస్తే సరిపోవచ్చు. ఒక్క గేరు మాత్రమే గరగరమంటుంటే అప్పుడు గేర్‌బాక్స్‌ను అనుమానించాలి. బండి కింద నూనె మరకలు కనిపిస్తే గేరాయిల్ కారుతోందేమో చూపించాలి.

అనుమానం ఉంటే ఇలా చేసి చూడండి. చదునైన ఖాళీ స్థలంలో, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేక్ వేసి, కుడికాలితో బ్రేకు తొక్కి ఉంచండి. మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ మార్చాల్సిన సమయం వచ్చినట్టే.

పెడల్ లేకున్నా...

మనదేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ కార్లు మొదలయ్యాయి. వీటిలో క్లచ్ పెడల్ ఉండదు, క్లచ్ మాత్రం ఉంటుంది. ఎత్తులో బండి జారకుండా యాక్సిలరేటర్‌తో ఆపితే అదీ కాలిపోతుంది. బ్రేకుతోనే ఆపాలి. ఆటోమేటిక్ కారు చెడిపోతే తాడు కట్టి లాగించకండి. లారీ మీదికి ఎక్కించి తీసుకెళ్లడమే క్షేమం.

ఘాట్‌లో ఆగితే...

హ్యాండ్‌బ్రేక్, మొదటి గేరు, మిణుకుమిణుకుమనే హజార్డ్ లైట్లు... ముందు ఈ మూడూ వేయండి. చక్రాల వెనక రాయి పెట్టండి. క్లచ్ చల్లారేదాకా ఆగండి. అప్పటికీ లాగకపోతే సాయం కోసం ఫోన్ చేయడమే మేలు. దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో పోనివ్వొద్దు. గేరులో ఉంటే ఇంజినే బండిని కొంత నిలవరిస్తుంది. లేదంటే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కిపోతాయి.

క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. మళ్లీ మళ్లీ ఆ కూలి పడకుండా ప్రెజర్ ప్లేటు, బేరింగ్ కూడా అప్పుడే చూపించుకోండి. పాత భాగాలు అడిగి తీసుకోండి. అన్నిటికన్నా ముందు... నడిపేటప్పుడు క్లచ్ మీద కాలు ఆనించే అలవాటు మానండి.

అన్నట్టు, ఘాట్‌లో చక్రం వెనక పెట్టిన రాయి సంగతి మర్చిపోకండి. బయల్దేరేముందు పక్కకు తీసేయండి. వెనక వచ్చేదీ ఓ కుటుంబమే!