పాత తొట్టిని శుద్ధి చేశాకే రంగుచేపలు

శంషాబాద్ చుట్టుపక్కల పెరట్లో రంగుచేపలు పెంచాలనుకునే రైతులు నగరంలో వాడేసిన అద్దాల తొట్టి చౌకగా దొరికితే తెచ్చుకోవచ్చు. అది ఉప్పునీటి చేపలు పెంచిన తొట్టి అయితే మాత్రం అట్లే నింపరాదు. కొత్త పిల్లలు చచ్చి పెట్టుబడి నీళ్లపాలవుతుంది.

పాత నీటిని అమ్మినవారి ఇంటి దగ్గరే మురుగుకాలువలో వదిలి, ఖాళీ తొట్టినే తేవాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే 100 లీటర్లకు మూడున్నర కిలోలు! మడిలో పోస్తే నేల చవుడుబారుతుంది.

అంచుల్లో పేరుకున్న తెల్లని చారలకు సిర్కా పట్టించి, అరగంట తర్వాత మెత్తని గుడ్డతో రుద్దాలి. సబ్బు, సర్ఫు వాడరాదు. మంచినీటితో బాగా కడిగాకే బ్లీచింగ్ పౌడరు ముట్టుకోవాలి. సిర్కా, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుట్టి ప్రాణానికే ముప్పు వస్తుంది.

100 లీటర్ల నీటికి 70 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, ఆరుబయట తొట్టి నింపి గంటసేపు ఉంచాలి. ఆ నీటిని కుంటలోకి వదలరాదు. తర్వాత నాలుగుసార్లు కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టాలి. పాత ఇసుక, రాళ్లు పారేయడమే మేలు.

మంచినీరు నింపి ఒక రోజు కారుతుందేమో చూసి, ముందు రెండు మూడు చేపలే వదలాలి. నీటిలోని మలినాలను హరించే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

చచ్చిన చేపలను లోతుగా పూడ్చాలి. 2008 నుంచి ఇక్కడ విమానాలు తిరుగుతున్నాయి. కుళ్లు వాసనకు గద్దలు ముసిరితే వాటికీ ప్రమాదమే.