కరెంట్ పోయినా ల్యాప్‌టాప్‌లో పని పోకూడదంటే.. తుపానుకు ముందే ఈ సెట్టింగ్ చేసుకోండి!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్.. 2018 అక్టోబర్ 11న తిత్లీ. ఉత్తరాంధ్రను చీకట్లోకి నెట్టిన తుపాన్లివి. హుద్‌హుద్ విజయనగరం జిల్లానూ వణికించింది. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంట్ స్తంభాలు నేలకూలి ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటి టైమ్‌లో ‘కరెంట్ వచ్చాక చూద్దాంలే’ అని ల్యాప్‌టాప్ మూత దించేస్తే, సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్టో, షాపు లెక్కలో గల్లంతయ్యే ప్రమాదం ఉంది. దీనికి పరిష్కారం హైబర్నేషన్.

స్లీప్‌కి, హైబర్నేట్‌కి తేడా ఏంటి?

మూత వేయగానే చాలా ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లోకి వెళ్తాయి. తెరిచి ఉన్న పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌కు కరెంట్ అందుతున్నంత సేపే అది నిలుస్తుంది. బ్యాటరీ ఖాళీ అయితే అంతే సంగతులు! అదే హైబర్నేట్ చేస్తే, ర్యామ్‌లో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లోకి చేరి మెషిన్ పూర్తిగా ఆఫ్ అవుతుంది. నాలుగు రోజుల తర్వాత ఆన్ చేసినా ఆపిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు.

విండోస్ వాడేవాళ్లు ఏం చేయాలి?

వీళ్లకు వేరే పార్టిషన్ అక్కర్లేదు. సీ డ్రైవ్‌లో ఓ దాచిన ఫైల్‌ను విండోసే తయారు చేసుకుంటుంది. విండోస్ 10, 11లో దాని సైజు సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం. కాబట్టి సీ డ్రైవ్ నిండిపోకుండా చూసుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేట్‌కు టిక్ పెట్టాలి. బ్యాటరీ అడుగంటగానే దానంతట అదే హైబర్నేట్ అయ్యేలా కూడా అక్కడే సెట్ చేసుకోవచ్చు.

లైనక్స్‌లో పార్టిషన్ ఎలా?

అసలు పని ఇక్కడే ఉంది. లైనక్స్‌లో ర్యామ్ డేటా స్వాప్ అనే చోటుకు వెళ్తుంది. అది ర్యామ్ కన్నా కాస్త పెద్దగా ఉంటే మంచిది. 8 జీబీ ర్యామ్‌కు 11 జీబీ, 16 జీబీకి 20 జీబీ ఇస్తే సరిపోతుంది.

* ముందుగా ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. పార్టిషన్ మార్చేటప్పుడు మధ్యలో కరెంట్ పోతే డేటాకే ముప్పు. అందుకే ఛార్జింగ్ ఫుల్‌గా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.
* వాడుతున్న పార్టిషన్‌ను కుదించడం కుదరదు. కాబట్టి లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీపార్టెడ్ తెరవాలి.
* పెద్ద పార్టిషన్‌ను కొంచెం తగ్గించి, మిగిలిన చోటును లైనక్స్ స్వాప్‌గా మార్చాలి.
* ఆ పార్టిషన్ గుర్తింపు నంబర్‌ను ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లోనూ, గ్రబ్ సెట్టింగ్‌లో ‘రెజ్యూమ్’ దగ్గరా రాసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేయాలి.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఉబుంటు, ఫెడోరా లాంటివి హైబర్నేట్‌ను అడ్డుకుంటాయి. పని చేయకపోతే ముందు చూడాల్సింది అదే.

ఈ పొరపాటు మాత్రం వద్దు!

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉంటే జాగ్రత్త. విండోస్‌ను హైబర్నేట్ చేసి, లైనక్స్‌లోకి వెళ్లి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు మారిస్తే డేటా పాడవ్వొచ్చు.

సెట్టింగ్ పూర్తయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి ఉంచి, ఓసారి హైబర్నేట్ చేసి చూసుకోండి. అవన్నీ అలాగే తిరిగి తెరుచుకుంటే సెట్టింగ్ సరిగ్గా కుదిరినట్టే.