ప్రేగుపుండ్లకు మందును పథ్యమును

స్వీడను వైద్యురాలు నన్నా స్వార్ట్సు కీళ్లవాతమునకై చేయించిన సల్ఫసలజీను పెద్దప్రేగు పుండ్లకును గుణ మిచ్చునని 1942లో ప్రకటించిరి. ఈ మందు చాలవఱకు మాఱక పెద్దప్రేగు చేరి, అచ్చటి సూక్ష్మజీవులచే రెండుగా విడివడును. అందొక భాగమే వాపు నణచును. నేడు దానినే మెసలమీను పేర వేఱుగ నిచ్చుచున్నారు.

రక్తము పడుట నిలిచినంతనే మందు మానుట మనవారి వాడుక. మేమెఱిగిన బాలు డొక డట్లే మాని పరీక్షలవేళ మరల మంచము పట్టెను. నెమ్మదిగా నున్న దినములలోను ఈ మందే కాపలా. ప్రకోపమున వైద్యు డిచ్చు స్టెరాయిడును క్రమముగ తగ్గింపవలెనే గాని హఠాత్తుగ మానరాదు.

పథ్యము రోగమును మాన్పదు, బాధను తగ్గించును. కొన్నాళ్లు కారము, పీచుకూరలు మాని మెత్తని యన్నము, పప్పుకట్టు, ఉడికించిన గ్రుడ్డు తినవచ్చును. లంఘనము మాత్రము కూడదు. అసలే రక్తము పోయిన దేహము.