లండను పెండ్లిసంతలో శర్మగారి కుమార్తెలు

నవల చదువరితో ఏకాంతమున మాటలాడును. నాటకమునకు ఆ సదుపాయము లేదు. నవలాకారుడు ‘అతడు లోలోన భయపడెను’ అని ఒక్క వాక్యము వ్రాసి ముందునకు సాగిపోవచ్చును. నాటకకర్త ఆ భయమును ఒక చూపుగానో, మాటలోని తడబాటుగానో, ఒక నిశ్శబ్దముగానో మార్చవలసి యుండును. నవలలను శ్రవ్యనాటికలుగా మలచు రేడియో వారికి ఇది నిత్యము ఎదురగు చిక్కు. నవల చేతికి వచ్చినపుడు మేము మొదట వేసికొను ప్రశ్నలు రెండు: ఇందు ఏది విడిచినను కథ నిలుచును? ఏది విడిచినచో కథ కూలును? ఈ రెండు ప్రశ్నలను దగ్గఱ నుంచుకొని, ‘బ్రిడ్జర్టన్’ అను ఆంగ్ల దృశ్య ధారావాహికలోని రెండవ సీజన్‌ను ఇచట పరిశీలింతము.

జూలియా క్విన్ అను అమెరికన్ రచయిత్రి బ్రిడ్జర్టన్ కుటుంబమునందలి ఎనమండుగురు సంతానమును గూర్చి ఎనిమిది నవలలు వ్రాసినది. వానిలో రెండవదియగు ‘ది వైకౌంట్ హూ లవ్‌డ్ మి’ 2000 సంవత్సరమున వెలువడెను. ఈ నవల ఆధారముగా ఎనిమిది భాగములుగా నిర్మింపబడిన రెండవ సీజన్ 2022 మార్చి 25వ తేదీన నెట్‌ఫ్లిక్స్ ద్వారా లోకమునకు అందినది. షోండా రైమ్స్ నిర్మాణసంస్థకై క్రిస్ వాన్ డ్యూసెన్ దీనిని రూపొందించెను. కథాకాలము 1814. మూడవ జార్జి చక్రవర్తి మతి చలించి యుండగా, ఆయన కుమారుడు రాజప్రతినిధిగా పాలన సాగించుచుండిన రోజులవి.

‘సీజన్’ అను మాటకు ఇందు రెండర్థములు కలవు. ధారావాహికలో ఒక విడతను సీజన్ అనుట నేటి వాడుక. ఆనాటి లండను ప్రభువర్గమునకు సీజన్ అనగా పెండ్లిండ్లు కుదుర్చుకొను కాలము. పార్లమెంటు సమావేశముల వేళకు జమీందారీ కుటుంబములు పల్లెసీమల నుండి నగరమునకు చేరును. ఈడు వచ్చిన కన్యలను రాణి సమక్షమున నిలిపి పరిచయము చేయుదురు. తరువాత నెలల తరబడి విందులు, నృత్యసభలు జరుగును. పేరునకు వినోదమే గాని లోపల జరుగునది బేరము. భూములు, బిరుదులు, కట్నములు ఒక వంక. రూపము, వయస్సు, నడత మఱియొక వంక. వరశుల్కములను, కన్యాశుల్కములను ఎఱిగిన మన పాఠకులకు ఈ సంత తీరు వివరింపనక్కఱలేదు.

నవలలోని కథ సంగ్రహముగా ఇది. బ్రిడ్జర్టన్ కుటుంబపు జ్యేష్ఠపుత్రుడు ఆంథొనీ. అతనికి పదునెనిమిదేండ్ల ప్రాయమున తండ్రి ఎడ్మండ్ తేనెటీగ కుట్టుటచే ఆకస్మికముగా మరణించును. తండ్రికి అప్పటికి ముప్పదియెనిమిదేండ్లు. అంతటి మహనీయుని మించి తాను బ్రతుకజాలనని, తనకును ఆ వయస్సుననే మృత్యువు తప్పదని కుమారుని మనస్సున ఒక విశ్వాసము నాటుకొనును. కావున వంశము నిలుపుటకు పెండ్లి చేసికొనవలెను గాని, భార్యను ప్రేమింపరాదని అతడు నిశ్చయించుకొనును. ఆ సీజన్‌లో అందఱు మెచ్చిన ఎడ్వీనా అను కన్యను కోరును. ఆమెకు అక్కయగు కేట్ అతని గతచరిత్ర తెలిసినది గనుక అడ్డుపడును. ఆ విరోధమే క్రమముగా అనురాగమగును.

ధారావాహిక ఈ చట్రమును ఉంచుకొని, దాని కీలును మార్చినది. నవలలో ఒకనాడు తోటలో కేట్‌ను తేనెటీగ కుట్టును. తండ్రి చావు గుర్తునకు వచ్చి ఆంథొనీ వివశుడై, విషమును తీయబోవును. ఆ స్థితిలో వారిని పెద్దలు చూతురు. లోకాపవాదమునకు వెఱచి వారిద్దఱికి పెండ్లి జరుగును. ఇది ఇంచుమించు కథామధ్యమున జరుగు సంగతి. ధారావాహికలోను తేనెటీగ కుట్టును, ఆంథొనీ కంపించును. అయితే అచ్చట ఎవరును చూడరు. కేట్ అతని చేతిని తన గుండెపై నుంచి, తన శ్వాస కుదురుగా నున్నదని తెలుపును. బలవంతపు పెండ్లి తప్పిపోయినది. అందువలన ఆంథొనీ ఎడ్వీనాకే మాట ఇచ్చుటకును, ఆ పెండ్లి పీట వఱకు నడచుటకును దారి ఏర్పడినది.

ఈ మార్పు వలని లాభము స్పష్టము. ఇందు కేట్ అపవాదమునకు లోబడి భార్య కాదు. తాను కోరి అగును. ఆంథొనీ భయమునకును ఇచట కొత్త రూపమిచ్చిరి. ముప్పదియెనిమిదవ ఏట చత్తునను నమ్మకము నవలలో అంతరంగ కథనమునకు తగినది. తెరపై అది మూఢవిశ్వాసము వలె తోచెడిది. ధారావాహిక దానికి బదులుగా కన్నులయెదుట జరిగిన దుఃఖమును చూపినది. తండ్రి చనిపోవునాటికి తల్లి గర్భవతి. ప్రసవము కష్టమైనపుడు తల్లిని కాపాడవలెనా, బిడ్డను కాపాడవలెనా అని వైద్యుడు ఆ పదునెనిమిదేండ్ల కుమారుని ప్రశ్నించును. ప్రేమించిన వారిని పోగొట్టుకొన్నచో మనిషి ఎట్లగునో తల్లి యందు చూచినవాడు ప్రేమకు వెఱచుటలో వింత లేదు. నవలలోని మాటను విడిచి దాని ప్రాణమును పట్టుకొనుట యనగా ఇదియే. జోనథన్ బెయిలీ ఈ భయమును కోపపు తెర వెనుక దాచి నటించిన తీరు ప్రశంసనీయము.

నష్టమును గూర్చియు చెప్పవలెను. నవలలో సగము దాంపత్యము. పెండ్లి ముందు జరుగును. ప్రేమ తరువాత పెరుగును. భర్త తన భయమును భార్యకు ఎపుడు చెప్పును, ఎట్లు చెప్పును అనునదే అచ్చట ఉత్కంఠ. ధారావాహిక ఆ సగమును పూర్తిగా విడిచినది. కేట్, ఆంథొనీల వివాహమే మనకు కనబడదు; చివరి భాగపు తుదిలో నూతన దంపతులుగా వారు తిరిగి వచ్చుట మాత్రము చూతుము. ఇందొక విచిత్రము కలదు. నాయికను భారతీయురాలిగా మార్చిన వారు, ముందు పెండ్లి, పిదప అనురాగము అను కథాక్రమమును తీసివేసిరి. మన దేశమున తరతరములుగా ఎన్నో సంసారములు నడచిన దారి అదియే. వేషమున భారతదేశము దగ్గఱయైనది, కథానిర్మాణమున దూరమైనది.

ఆంథొనీ, ఎడ్వీనాల నిశ్చితార్థము వలన కథకు మఱియొక భారము కలిగెను. నాలుగవ భాగము మొదలు ఆఱవ భాగము వఱకు చెల్లెలి నమ్మకముపై అక్కయు, వరుడును నడచుచున్నారను బాధ ప్రేక్షకుని వీడదు. పెండ్లిపీట కడ కేట్ చేతి గాజు జాఱిపడగా, వరుడు వంగి దానిని అందుకొనును. ఎడ్వీనాకు ఆ క్షణమున సర్వము తెలిసిపోవును. ఈ ఒక్క సన్నివేశము కొఱకు అంత దూరము సాగదీయవలెనా అని మేమును సందేహించితిమి. సన్నివేశము మాత్రము బలమైనది. అటుపిమ్మట ఎడ్వీనా అక్కను నిందించు తీరులో ధర్మము కలదు. చెల్లెలి సుఖమునకై సర్వము త్యజించితినని అక్క తలంచును. ఆ త్యాగము తనకు కావలెనా యని ఎవరును తన్ను అడుగలేదని చెల్లెలి వాదము. ఉమ్మడి కుటుంబములలో పెద్దకుమార్తెగా పెరిగిన వారికి ఈ ఘట్టము గుండెకు తగులును. సిమోన్ ఆష్లీ, చరిత్ర చంద్రన్‌లు ఇద్దఱును బ్రిటనులోని తమిళ సంతతి వారు. వీరి నటనలోని సహజత్వము వలన అక్కచెల్లెండ్ర బంధమే ఈ సీజన్‌కు వెన్నెముక యైనది.

ఉపకథలు కొన్ని బరువుగా నున్నవి. ఫెదరింగ్టన్ కుటుంబపు బంధువు కెంపుల గనుల పేరిట జరుపు మోసము లేకున్నను కథకు లోటు రాదు. లేడీ విజిల్‌డౌన్ అను మాఱుపేరుతో వెలువడు వదంతుల పత్రిక కథ అట్టిది కాదు. దాని పంక్తులను వినిపించు కంఠము సుప్రసిద్ధ నటి జూలీ ఆండ్రూస్‌ది. ఆమె తెరపై ఎన్నడును కనబడదు. రూపము లేని ఒక స్వరము సభనంతటిని నడిపింపగలదని ఋజువు చేయుచున్న ఆ కంఠమును రేడియో వారమగు మేము ప్రత్యేకముగా అభినందింపక యుండలేము.

ఇక మనలను దగ్గఱగా తాకు విషయమునకు వత్తము. నవలలో నాయిక పేరు కేట్ షెఫీల్డ్. ఆమె ఆంగ్ల కన్య. ధారావాహికలో ఆమె బొంబాయి నుండి వచ్చిన కేట్ శర్మ. ఆంగ్ల ప్రభుకుటుంబపు కన్యయగు మేరీ, శర్మగారిని పెండ్లాడి తలిదండ్రుల కోపమునకు గుఱియై ఇండియాకు వెడలిపోయినది. ఎడ్వీనా ఆమె కుమార్తె. కేట్ శర్మగారి మొదటి భార్య సంతానము. నవలలోని షెఫీల్డ్ అను ఇంటిపేరును మేరీ తలిదండ్రులకు పెట్టిరి. ఎడ్వీనా ఆంగ్ల ప్రభువును పెండ్లాడిననే వారు ధనమిత్తురు. ఈ రహస్యపు షరతు కేట్ మొండితనమునకు మూలము.

కేట్ ఆంగ్లేయుల తేనీరు నచ్చక సుగంధద్రవ్యములు వేసి తానే కాచుకొనును. చెల్లెలి తలకు నూనె అంటును. పెండ్లికి ముందు పసుపు పూసి నలుగు పెట్టుదురు. అపుడు 2001 నాటి హిందీ చిత్రము ‘కభీ ఖుషీ కభీ గమ్’లోని పాట వరుస, మాటలు లేక, తంత్రీవాద్యములపై వినబడును. ఇవి ముచ్చటగా నున్నవి. భాష కడ మాత్రము శ్రద్ధ చాలలేదు. కేట్ తండ్రిని ‘అప్పా’ అనును. ఎడ్వీనా అక్కను ‘దీదీ’ అనును. కేట్ చెల్లెలిని ‘బోన్’ అనును. మొదటిది దక్షిణాది మాట, రెండవది హిందీ వారి వాడుక, మూడవది బెంగాలీ. ఒకే ఇంట ఈ మూడును ఎట్లు కలిసెనో కథ చెప్పదు. శ్రవ్యనాటికలో పాత్ర ఏ ఊరిదో చెప్పునది దాని పిలుపే. ‘అక్కయ్యా’ అనుటకును ‘అప్పా’ అనుటకును వెనుక ఒక నేల యుండును. భారతదేశమంతయు ఒకే ఇల్లని దూరపు వారు తలంచిన ఫలితమే ఈ కలగాపులగము.

ఇట్టి కన్యలు ఆనాటి లండనులో నిజముగా నుండిరా? ఉండిరి. వారిలో ఒకతె మన హైదరాబాదు బిడ్డ. నిజాము దర్బారున కంపెనీ రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1800 ప్రాంతమున ఖైరున్నీసా అను కులీన వనితను వివాహమాడెను. కోఠీలో నేటికిని నిలిచియున్న రెసిడెన్సీ భవనము అతడు కట్టించినదే. వారికి సాహిబ్ ఆలం అను కుమారుడును, 1802లో సాహిబ్ బేగం అను కుమార్తెయు జన్మించిరి. 1805లో ఆ పసివాండ్రను మదరాసు రేవు నుండి ఇంగ్లండునకు పంపిరి. ఓడ ఎక్కుటకు ముందు జార్జి చిన్నరీ వ్రాసిన చిత్తరువులో వారు హైదరాబాదు దుస్తులతోనే కనబడుదురు. ఆ సంవత్సరముననే తండ్రి కలకత్తాలో మరణించెను. ఇంగ్లండులో బిడ్డలకు క్రైస్తవ నామములు పెట్టిరి. సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయినది. అందఱు కిట్టీ అనిరి. తల్లి బిడ్డలను మరల చూడకయే 1813లో కన్నుమూసినది. ధారావాహికా కథాకాలమగు 1814 నాటికి కిట్టీకి పండ్రెండేండ్లు. పెద్దయైన పిమ్మట హైదరాబాదులోని అమ్మమ్మతో ఆమెకు ఉత్తరములు నడచెను గాని, మరల ఒకరి నొకరు చూచుకొనుట ఘటింపలేదు. ఆమె 1889లో ఇంగ్లండుననే మరణించినది. ఆమె సౌందర్యమును మెచ్చిన వారిలో థామస్ కార్లైల్ ఒకడు.

కేట్ శర్మకు ధారావాహిక ఇచ్చినదేమో కిట్టీ కథను ప్రక్కన నుంచి చూచినపుడే తెలియును. కిట్టీ ఆంగ్ల సమాజమున నిలుచుటకు పేరును, మతమును, తల్లి భాషను విడువవలసి వచ్చినది. కేట్ వానిని వేనిని విడువక, గాజులతో, పసుపుతో, ‘అప్పా’ అను పిలుపుతో ప్రభుమందిరమున ప్రవేశించును. జాతిభేదము సమసిపోయిన ఒక ఊహాలోకమును రచయితలు కల్పించిరి. కంపెనీ పాలన నీడ ఈ కథపై దాదాపు పడదు. దీనిని చరిత్రయని నమ్మువారు మోసపోదురు. కొన్నేండ్ల క్రితము వఱకు ఇట్టి కథలలో మన వంటి రంగుగల స్త్రీకి దాసి వేషము తప్ప మఱియొకటి దొరకుట అరుదు. నాయికగా ఒక శర్మగారి కుమార్తెను చూచి సంతోషించిన వారి సంతోషము అసత్యము కాదు.

మొత్తమునకు మా అభిప్రాయమిది. నవల ప్రాణమగు భయమును, దానిని జయించు స్నేహమును ఈ సీజన్ చక్కగా కాపాడుకొన్నది. దాంపత్యమును విడిచి నష్టపోయినది. అక్కచెల్లెండ్రను పెంచి ఆ నష్టమును కొంత పూడ్చుకొన్నది. అవకాశమున్న వారు ఎనిమిది భాగములను చూచి, పిదప నవలను చదువుట మంచిది. రెండవ సగమున నూతన దంపతులు మెల్లగా ఒకరికొకరు చేరువగు కథ వారికి అదనపు లాభము. ఇక కోఠీ దారిన పోవువారు రెసిడెన్సీ స్తంభముల కడ ఒక్క క్షణము నిలిచి, అచ్చట పుట్టి ఓడ ఎక్కిన ఆ మూడేండ్ల పాపను తలంచుకొందురు గాక. ఆమె కథను ఇంకను మనవారెవరైనను రూపకముగా వ్రాయవలసియున్నది.